మామ్మ వెయ్యని గుండు

డాక్టరమ్మ నన్ను రోజూ నడవమంది. నా ఒంట్లో ఎంత చక్కెర ఉందంటే, పార్కు బెంచీ మీద కాసేపు కూర్చుని లేస్తే మలేషియాలోని ఈ క్లాంగ్ ఊళ్ళో ఉన్న చీమలన్నీ కుటుంబాలతో సహా అక్కడికి తరలివస్తున్నాయి. వేళ్ళ చివర్లు మొద్దుబారుతున్నాయని చెబితే ఆవిడ సూదితో పొడిచి, "తెలుస్తోందా?" అని అడిగింది. "ఎవరికో గుచ్చుకుంటున్నట్టు తెలుస్తోంది డాక్టర్" అన్నాను. ఆవిడ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. నోటి అలవాటు కొద్దీ అన్నానంతే.

మొన్నొక సాయంత్రం అలా నడుస్తూ పార్కు మూలకి వచ్చేసరికి, ఎర్ర కంకర నేల మీద నలుగురు కాలేజీ పిల్లలు పెటాంక్ ఆడుతున్నారు. ఈ ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. నిమ్మకాయంత కర్రబంతిని ముందు విసురుతారు. తర్వాత నేల మీద గీసిన వృత్తంలో కాళ్ళు కదపకుండా నిలబడి, నారింజకాయంత ఇనుప గుండ్లను దాని దగ్గరికి వేస్తారు. ఎవరి గుండు దగ్గర పడితే వాళ్ళకి పాయింటు. ముందుగా పదమూడుకి చేరినవాళ్ళు గెలిచినట్టు. ఇంతే ఆట. దీనికి రాజ్యాలు పోవు, రావు.

వాళ్ళ గుండు ఒకటి దొర్లుకుంటూ వచ్చి నా బూటుకి తగిలి ఆగింది. వంగి తీశాను. వంగడం అన్న మాట తేలిగ్గా రాశాను గాని, నేను వంగి లేచేలోపు పోర్ట్ క్లాంగ్‌లో ఓ ఓడ సరుకు దింపుకుని వెళ్ళిపోగలదు. చేతిలో చల్లగా, బరువుగా ఉండాలి. వేళ్ళకి బరువు తెలిసింది గాని చల్లదనం తెలియలేదు.

"ఆంటీ! బాల్, లా!" అని ఓ కుర్రాడు చెయ్యి చాపాడు. ఇక్కడివాళ్ళ మాటకి చివర 'లా' అనే తోక ఉంటుంది.

నేను ఇవ్వలేదు. పట్టుకుని అలాగే నిలబడ్డాను.

*

ఈ పార్కు నా చిన్నప్పుడూ ఉంది. మేమే కొత్తగా వచ్చాం. మా ఎస్టేటు అమ్ముడుపోయి, ఆయిల్ పామ్ చెట్లు కూలగొట్టి అక్కడ ఇళ్ళు కడతామన్నారు. కూలీల లైను ఇళ్ళలో మూడు తరాలు కాపురం చేసిన మమ్మల్ని లారీ ఎక్కించి ఒక ఫ్లాటులో దింపారు. ఆ ఫ్లాటు ఎంత పెద్దదంటే, తాత ఆవలిస్తే ఎదురింటివాళ్ళు కిటికీ రెక్క వేసుకునేవారు. అమ్మ మెత్తళ్ళు వేయించిన రోజున ఆ వాసన లిఫ్టు ఎక్కి, ప్రతి అంతస్తులోనూ దిగి, అందరినీ పలకరించి, మళ్ళీ మా ఇంటికే అన్నానికి వచ్చేది.

తాతకీ మామ్మకీ, అంటే మా నాన్న తల్లిదండ్రులకి, గోడల మధ్య కూర్చోవడం చేతకాలేదు. పుట్టింది మొదలు చెట్ల కింద తిరిగినవాళ్ళు. సాయంత్రం నాలుగు కాగానే తలా ఒక ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని పార్కుకి దిగేవారు. వెనకాల మంచినీళ్ళ సీసా మోస్తూ నేను. అక్కడ ఎర్ర కంకర మీద ముగ్గురు ముసలాళ్ళు ఇనుప గుండ్లు విసురుకుంటూ కనిపించారు.

ఒకాయన చీనా అంకుల్. ఇనప సామాన్ల కొట్టు కొడుక్కి అప్పగించి, కొడుకు తనని కొట్లోకి రానివ్వకపోతే ఇక్కడికి వచ్చేవాడు. రెండో ఆయన స్కూలు బస్సు నడిపి మానేసిన మలాయి పాక్‌చిక్, అంటే వాళ్ళ భాషలో బాబాయి. గుండ్లు ఆయనవే. ఏదో స్కూలువాళ్ళు పాతవని పారేస్తుంటే బస్సులో వేసుకొచ్చాడట. మూడో ఆయన తమిళ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన వాద్దియారు. ఆయన ఆడడు, తీర్పులు చెబుతాడు. చేతిలో టేపు, మణికట్టుకి గడియారం. గుండు వెయ్యడానికి మనిషికి ఒక్క నిమిషమే గడువని ఆటలో రూలు ఉంది. ఆ రూలుని ఆయన కన్నకూతుర్ని చూసుకున్నట్టు చూసుకునేవాడు. ఎవరు వృత్తంలోకి వచ్చినా, "ఒరు నిమిషం!" అని గడియారం మీద వేలు పెట్టేవాడు. వీళ్ళందరూ మాట్లాడుకునేది బజారు మలాయి. నేను దాన్ని తెలుగులో రాస్తున్నాను, తప్పులుంటే అవి వాళ్ళవే.

మొదటి రోజే ఒక గుండు దొర్లుకుంటూ వచ్చి మామ్మ కుర్చీ కాలికి తగిలింది. మామ్మ దాన్ని తీసి, బీరకాయ బేరం చేసినట్టు అటూ ఇటూ తిప్పి చూసి, "ఏటిది, పీరంగి గుండేటి?" అని, కూర్చున్న చోటు నుంచే వెనక్కి విసిరింది. అది గాల్లో లేచి, పాక్‌చిక్ టోపీ పక్కనుంచి దూసుకెళ్ళి, చీనా అంకుల్ టీ గ్లాసు పగలగొట్టి, కర్రబంతిని ముద్దెట్టుకుని ఆగింది. ముగ్గురూ టీ గ్లాసు వంక చూడలేదు. మామ్మ వంక చూశారు.

అలా మామ్మ చేరింది. మామ్మ చేరింది కనక తాత చేరాడు. తాత గుండు వేసేముందు దాన్ని నుదుటికి ఆనించి, గాలి వాలు చూసి, నేల మీది చీమల్ని పక్కకు తప్పుకోమని, అప్పుడు వేసేవాడు. అంత చేశాక అది ఎప్పుడూ పక్క మురిక్కాలవలో పడేది. మామ్మ గుండు మాత్రం ఒకటి అద్భుతంగా పడితే, రెండోది ఎవరి ప్రాణం మీదికో వచ్చేది. మధ్యస్థం అనేది ఆవిడ చేతికీ తెలియదు, నోటికీ తెలియదు. అసలు ఆవిడ ఆట చేతితో కాదు, నోటితో.

"అంకులూ, నీ గుండు నీ మాట ఇంతన్నాదా? నీ కొడుకు లాగ పక్కకి పోతన్నాది!"

"అమ్మా, నోరు కట్టేసుకుని ఆడు, లా!"

"నోరు కట్టేస్తే నాకు సెయ్యి లెగదు బాబూ. రెండూ ఒక తాడుకే కట్టినాడు దేవుడు."

పాక్‌చిక్ పొట్ట పట్టుకుని నవ్వేవాడు. నవ్వుతుండగా అతని నిమిషం అయిపోయేది. మామ్మకి కావలసింది అదే.

మోకాళ్ళ నెప్పుల వల్ల మామ్మ వంగలేకపోతోందని చీనా అంకుల్ తన కొట్టు నుంచి ఒక అయస్కాంతం తెచ్చి, దానికి తాడు కట్టి ఇచ్చాడు. నిలబడే తాడు దింపితే గుండు టక్కుమని అతుక్కుని పైకి వచ్చేది. మామ్మ దాన్ని తాళాలగుత్తి పక్కన నడుముకి వేలాడదీసుకుంది. తైలం వాసన, వక్కపొడి వాసన, ఆ ఇనుము వాసన, మూడూ కలిపితే మామ్మ. నేను దొంగతనంగా ఆ అయస్కాంతాన్ని మా అత్త తల వెనక ఆడిస్తే, ఆవిడ కొప్పులో ఉన్న పిన్నులన్నీ ఒక్కసారిగా మతం మార్చుకున్నాయి. కొప్పు విడిపోయి అత్త వెనక్కి తిరిగేసరికి అయస్కాంతం మామ్మ నడుముకే ఉంది, నేను మూడు అంతస్తుల కింద ఉన్నాను.

"ఎవుత్తె సేసినాది?" అని అత్త కేకేస్తే, "గాలి" అంది మామ్మ. ఫ్లాటులో గాలి అనేది ఎప్పుడూ లేదు.

*

ఒక రోజు మధ్యాహ్నం వాన పడి వెలిసింది. తడి కంకర మీంచి ఆవిరి లేస్తోంది. రోడ్డవతల స్టాల్‌లో కర్రీ పఫ్‌లు వేగుతున్నాయి. ఆ వాసనకి చచ్చినవాళ్ళు లేచొస్తారని మామ్మ అనేది.

ఆ రోజు పందెం కూడా కర్రీ పఫ్‌లే. ఓడినవాళ్ళు వారమంతా అందరికీ పెట్టాలి. ఒకవైపు తాత, మామ్మ. ఇంకోవైపు చీనా అంకుల్, పాక్‌చిక్. పన్నెండు పన్నెండు మీద ఉంది ఆట. అందరి గుండ్లూ అయిపోయాయి. చీనా అంకుల్ గుండు కర్రబంతికి బెత్తెడు దూరంలో కూర్చుంది. మామ్మ చేతిలో ఒక్కటి మిగిలింది. అది ఇంకా దగ్గరగా పడితే గెలుపు, లేదంటే ఓటమి.

మామ్మ వృత్తంలోకి వెళ్ళింది. చెయ్యి వెనక్కి తీసింది. ముందుకి రాలేదు. ఒకసారి చేతి వంక చూసుకుంది.

"ఒలే గుంటా, ఇది పట్టుకో. సెయ్యి తిమ్మిరెక్కినాది" అని గుండు నాకిచ్చి, వెళ్ళి కుర్చీలో కూర్చుంది.

"ఒరు నిమిషం, అమ్మా!" అన్నాడు వాద్దియారు.

"ఉండు సారూ. నిమిషం ఏటి, పారిపోతాదా?"

అని మూతి ఒక పక్కకి వంకర పెట్టింది. ఎప్పుడూ ఆయన్ని అలాగే వెక్కిరించేది. నేను నవ్వాను. చీనా అంకుల్ కూడా నవ్వాడు. మూతి మళ్ళీ తిన్నగా రాలేదు.

పాక్‌చిక్ తన వ్యాన్ తెచ్చాడు. ఆసుపత్రి వరండాలో నన్ను ఒక బల్ల మీద కూర్చోబెట్టారు. ఒళ్ళో గుండు. చుట్టూ పెద్దవాళ్ళ కాళ్ళు అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఎవరూ నా వంక చూడలేదు, ఎవరూ దాన్ని తీసుకోలేదు. చీకటి పడకముందే అత్త లోపలి నుంచి బయటికి వచ్చి గోడకి ఆనుకుంది. అప్పుడు కూడా నేను గుండుని రెండు చేతులతో పట్టుకునే ఉన్నాను. పట్టుకోమంది కదా. చెయ్యి మొద్దుబారింది. తర్వాత ఆ మొద్దు పైకి పాకింది. ఎంతవరకు పాకిందో చెప్పలేను.

*

తాత ఏడవలేదు. చుట్టుపక్కల అంతస్తులవాళ్ళు వచ్చి చూసి, "రాయి" అన్నారు. అత్త రాగాలు తీసి ఏడ్చింది, ఎస్టేటు నుంచి చెల్లాచెదురైన చుట్టాలు వచ్చి ఏడ్చారు, లిఫ్టు దగ్గరి కుక్క కూడా ఏడ్చింది. తాత గోడకి వీపు ఆనించి, ఎదుటి గోడ వంక, రైలు రావలసి ఉన్నట్టు చూస్తూ కూర్చున్నాడు. నేనూ ఏడవలేదు. నన్ను మాత్రం ఎవరూ రాయి అనలేదు. చిన్నపిల్ల, తెలియదు అన్నారు.

పెద్దకర్మ అయ్యేదాకా తాత గడప దాటకూడదని అత్త శాసనం. దహనం జరిగిన మర్నాటి సాయంత్రం చీనా అంకుల్ వచ్చాడు. చెప్పులు లిఫ్టు దగ్గరే విడిచి, తలుపు బయట నిలబడి, గొంతు సవరించుకుని, "కదల్లేదు" అన్నాడు.

"ఏటి కదల్లేదు?" అంది అత్త.

"గుండ్లు."

సంగతి ఏమిటంటే, మేము ఆసుపత్రికి వెళ్ళాక వాద్దియారు తీర్పు చెప్పాడట. మామ్మ వృత్తం దిగేసరికి తాను ఇంకా గడియారం నొక్కలేదు. కాబట్టి నిమిషం మొదలవలేదు. మొదలవని నిమిషం అయిపోదు. అయిపోని నిమిషంలో ఆట ముగియదు. ఎవరూ ఏదీ కదపకూడదు. ఇంత చెప్పి, నలభై ఏళ్ళు మణికట్టు వదలని గడియారాన్ని విప్పి జేబులో వేసుకున్నాడట.

చీనా అంకుల్ కొట్టుకెళ్ళి, కొడుకు అరుస్తున్నా వినకుండా, ఎర్ర ప్లాస్టిక్ బక్కెట్లు తెచ్చి ప్రతి గుండు మీదా ఒకటి బోర్లించాడు. కర్రబంతికి వేరే చిన్న బక్కెట్టు. ఒక్కో బక్కెట్టు మీద ఒక్కో ఇటుక. పాక్‌చిక్ మధ్యలో పెద్ద గొడుగు పాతాడు. తర్వాత ముగ్గురూ వంతులు వేసుకుని కాపలా కాశారు. ఫుట్‌బాల్ పిల్లల్ని తరిమారు. ఊడ్చేవాడికి టీ పోయించి దారి మళ్ళించారు. నది నుంచి వచ్చిన ఉడుము ఒకటి బక్కెట్టు వంక చూస్తే పాక్‌చిక్ దానికి ఒక గంట నచ్చజెప్పాడట. సరిహద్దుల్లో సైన్యాలు కూడా అంత శ్రద్ధగా కాయవు.

తాత అంతా విన్నాడు. తల ఊపాడు.

అప్పటి నుంచి రోజూ ఎవరో ఒకరు వచ్చి గుమ్మం బయట నిలబడేవారు. "కదల్లేదు." తాత తల ఊపేవాడు. వాళ్ళు వెళ్ళిపోయేవారు. ఆ ఇంట్లో ఆ రోజుల్లో తాత వినిపించుకున్న మాట అదొక్కటే.

"ఏటి నాన్నా ఈ ఇడ్డూరం? తీసెయ్యమని సెప్పు వాళ్ళకి. ముసిలిది పోనాది, ఆటేటి ఇంకా?" అంది అత్త.

"ఉండనీ" అన్నాడు తాత.

ప్రతి ఉదయం ముఖం కడుక్కుని నా దగ్గరికి వచ్చేవాడు. "ఉందేటి?" అనేవాడు. దిండు కింద నుంచి తీసి చూపించేదాన్ని. చేతిలోకి తీసుకుని, బరువు చూసి, మళ్ళీ నా చేతిలోనే పెట్టేవాడు. నేను దాన్ని బడికి కూడా మోసుకెళ్ళాను. సంచి దారం తెగింది. లెక్కల టీచరు, "ఇది ఏంటి?" అని అడిగితే, "మా మామ్మది" అన్నాను.

పెద్దకర్మ అయింది. శాంతి అయింది. భోజనాలయ్యాయి. తాత ఇక గడప దాటవచ్చు. దాటలేదు. వాద్దియారు వచ్చి, "అయ్యా, గడియారం జేబులో ఉంది, ఎప్పుడంటే అప్పుడు" అన్నాడు. తాత, "మోకాలు లాగతన్నాది" అన్నాడు. మర్నాడు, "మబ్బు పట్టినాది" అన్నాడు. ఆ మర్నాడు మబ్బు కూడా లేదు. "రేపు సూద్దాం" అన్నాడు.

అమ్మ వంటింట్లో అత్తతో అంది, "మావకి ఆట అవ్వడం ఇష్టం నేదొదినా. అయిపోతే మరి ఆవిడికి ఎయ్యడానికి ఏటీ ఉండదు కదా." అత్త ఉల్లిపాయ తరుగుతోంది. ఉల్లిపాయ వల్లే అని ముక్కు తుడుచుకుంది.

*

మలేషియాలో ఒక వస్తువుని వారం రోజులు ఎవరూ కదపకుండా ఉంచితే దానికి మహిమ వస్తుంది. చెట్టుకింద పగిలిన కుండ, పొలం గట్టున వింత ఆకారపు రాయి, ఏదైనా సరే. అలాంటిది ఎర్ర బక్కెట్లు, గొడుగు, పొద్దస్తమానం కాపలా. ఊరు ఊరుకుంటుందా?

మొదట ఎవరో మూడు అగరొత్తులు గుచ్చిపోయారు. మర్నాటికి లిటిల్ ఇండియా నుంచి బంతిపూల దండ వచ్చింది. తర్వాత నిమ్మకాయలు, చామంతి టీ ప్యాకెట్లు, ఒక పళ్ళెంలో పొంగలి. గొడుగుకి పసుపు గుడ్డ చుట్టారు. తెల్లారేసరికి గొడుగు కింద జనం, చేతిలో పెన్సిళ్ళు. మా ఊళ్ళో దేవుడన్నాక అడిగేది ముక్తి కాదు, లాటరీకి నాలుగంకెల నంబరు. ఒకాయన బక్కెట్టు మీద టాల్కం పౌడరు చల్లి, భూతద్దంతో అంకెలు వెతికాడు.

ఒక సాయంత్రం పాక్‌చిక్ మా గుమ్మం ముందు నిలబడి, "కదల్లేదు" అన్నాక కూడా వెళ్ళలేదు. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"అన్నా, నేను గుండ్లకి కాపలా ఉంటానన్నాను. గుడికి కాదు. నా స్కూటరు అమ్మవారికి అడ్డంగా ఉందట, ఇవాళ తీయించారు. రేపు జింకు రేకులతో కప్పు వేస్తారట. మసీదులో నన్ను చూసి నవ్వుతున్నారు, లా."

తాత లేచాడు. చొక్కా వేసుకున్నాడు. మేకుకి వేలాడుతున్న మామ్మ అయస్కాంతాన్ని తీసి జేబులో పెట్టుకున్నాడు. నేను గుండు పట్టుకుని వెనకాల వెళ్ళాను.

పార్కులో గొడుగు ముందు ఒకావిడ కళ్ళు మూసుకుని దణ్ణం పెడుతోంది. తాత పక్కన నిలబడి, ఆవిడ కళ్ళు తెరిచేదాకా ఆగి, తమిళంలో మర్యాదగా అడిగాడు, "ఏ అమ్మవారు తల్లీ?"

"గుండ్ల అమ్మన్ అయ్యా. కొత్తగా వెలిసింది. చాలా శాంతమూర్తి. ఎంత విసిగించినా ఒక్క మాట అనదు."

తాత ముఖం అప్పుడు కదిలింది. అన్ని రోజుల తర్వాత అది నవ్వో ఏడుపో తేల్చుకోలేక మధ్యలో ఆగిపోయింది.

"ఒక్క మాట అనదా?"

"ఊహూఁ."

తాత తెలుగులోకి దిగాడు. ఎవరితో అంటున్నాడో ఎవరికీ తెలియదు. "ఇన్నారేటి? శాంతమూర్తంట. నలభై ఏళ్ళు నాతోటి కాపరం సేసినాది. పొద్దున్న లెగిసింది మొదలు తిట్టినాది. అన్నం పెడతా తిట్టినాది, మందు రాత్తా తిట్టినాది. మాటాడకుండా కూకునేది నాది కాదు. తియ్యండి బక్కెట్లు."

జనం ఒప్పుకోలేదు. అపచారం అన్నారు. వాద్దియారు బెత్తం లేకుండానే క్లాసు నిశ్శబ్దం చేసి, ఇది ఆట అనీ, ఆగిందనీ, ఇప్పుడు ముగుస్తుందనీ వివరించాడు. దణ్ణం పెట్టినావిడ ఆలోచించి, "ముగిశాక నంబరు చెబుతుందా?" అంది.

"చెబుతుంది" అన్నాడు వాద్దియారు. ఆయన జీవితంలో ఆడిన ఏకైక అబద్ధం అది.

చీనా అంకుల్ ఒక్కొక్క బక్కెట్టూ ఎత్తాడు. పదకొండు గుండ్లు, కర్రబంతి. ఎక్కడివక్కడే ఉన్నాయి. వానలకి చిన్నగా తుప్పు పట్టి, చుట్టూ కుంకం, పౌడరు, చీమలు. అంకుల్ గుండు కర్రబంతికి బెత్తెడు దూరంలో అలాగే కూర్చుని ఉంది. మామ్మ కుర్చీ కూడా అక్కడే ఉందని అప్పుడు చూశాను. దాని మీద ఎవరో అరటిపళ్ళు పెట్టారు.

"ఇప్పుడు ఎవరు వెయ్యాలి?" అన్నాడు పాక్‌చిక్. "ఒకరి గుండు ఒకరు వెయ్యకూడదు కదా?"

అందరూ వాద్దియారు వంక చూశారు. ఆయన తాత వంక చూశాడు. తాత నా వంక చూశాడు.

"నీకిచ్చినాది కదే. ఎయ్యి."

"పట్టుకోమంది. వెయ్యమనలేదు" అన్నాను.

తాత నా ముందు గొంతుక్కూర్చున్నాడు. మోకాలు లాగడం ఏమైందో మరి.

"ఇన్నాళ్ళు పట్టుకున్నావు కదే గుంటా. సాల్లే ఇంక."

వృత్తంలో నిలబడ్డాను. వాద్దియారు జేబులోంచి గడియారం తీసి కట్టుకున్నాడు. పట్టీ రంధ్రం దొరక్క కొంచెం సేపు పట్టింది. "ఒరు నిమిషం, అమ్మా" అన్నాడు. ఆ మాట పిలుపులా వినిపించలేదు. బతిమాలినట్టు వినిపించింది.

నా చేతికి గుండు తెలియడం లేదు. ఎక్కడ చెయ్యి ఆగి ఎక్కడ గుండు మొదలవుతోందో తెలియడం లేదు. వేశాను.

అది గాల్లో లేవలేదు. ఎవరి టోపీనీ రాసుకుపోలేదు. కంకర మీద ఠప్పున పడి, రెండు దొర్లులు దొర్లి, కర్రబంతికి చాలా ఇవతల ఆగిపోయింది. చాల్లేదు.

చీనా అంకుల్ తన గుండు దగ్గరికి వెళ్ళి బూటుతో దాన్ని వెనక్కి జరపబోయాడు. "ఇది కదిలిపోయింది, లా. వానకి కదిలింది. సమానం, సమానం. మళ్ళీ ఆడదాం."

"అంకులూ! కాలు తియ్యి" అన్నాడు తాత. ఆ గొంతు మామ్మది. చీనా అంకుల్ కాలు తీశాడు. "పదమూడు మీది. ఓడితే ఓడినట్టే. దొంగ గెలుపు దానికి ఇచ్చినామంటే రేత్రి నన్ను నిద్దరపోనివ్వదు."

వాద్దియారు టేపు పెట్టి కొలిచాడు. కొలవనక్కర్లేదు, గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. అయినా మోకాళ్ళ మీద వంగి రెండుసార్లు కొలిచి, నిటారుగా నిలబడి ప్రకటించాడు. "పన్నెండు, పదమూడు. ఆట ముగిసింది."

"పన్నెండు పదమూడు!" అని దణ్ణం పెట్టినావిడ భక్తిగా చెంపలు వేసుకుని, నాలుగంకెలూ అరచేతిలో రాసుకుని, లాటరీ కొట్టు మూసేస్తారని పరుగెత్తింది. వెనకాలే జనమంతా పరుగెత్తారు. గొడుగు కింద మేమే మిగిలాం. నంబరు తగిలిందో లేదో మాకు తెలియదు. తగిలితే ఈపాటికి అక్కడ గోపురం లేచి ఉండేది.

తాత జేబులోంచి అయస్కాంతం తీసి తాడు వదిలాడు. ఆయన నడుము వంగుతుంది, అవసరం లేదు. అయినా నిలబడే మామ్మ గుండ్లు మూడూ ఒక్కొక్కటే ఎత్తాడు. టక్. టక్. మూడోది, నేను వేసింది, ఎత్తేటప్పుడు తాడు కొంచెం సేపు ఊగింది.

మర్నాడు సాయంత్రం అదే వేళకి చీనా అంకుల్ మా గుమ్మం ముందు నిలబడ్డాడు. చెప్పులు లిఫ్టు దగ్గరే విడిచాడు. గొంతు సవరించుకున్నాడు. నోరు తెరిచాడు. చెప్పడానికి ఏమీ లేదని అప్పుడు గుర్తొచ్చినట్టుంది. అలా నోరు తెరుచుకునే నిలబడ్డాడు.

తాత గోడ దగ్గర నుంచి లేచాడు.

"లోపలికి రా, కూకో. ఓడిపోనోళ్ళం కదా, పఫ్‌లు మేమే పెట్టాల" అన్నాడు.

*

ఆ గుమ్మం ఇప్పుడు ఎవరిదో. తాత, చీనా అంకుల్, పాక్‌చిక్, వాద్దియారు, ఒకరి తర్వాత ఒకరు వృత్తం దిగి వెళ్ళిపోయారు. తెలుగులో తిట్టేవాళ్ళు మా ఇంట్లో ఇప్పుడెవరూ లేరు. మా పిల్లలకి అర్థమవుతుంది గాని తిరిగి అనలేరు. ఎస్టేటు ఉన్న చోట ఇళ్ళు, ఇళ్ళ ముందు కార్లు. ఎర్ర కంకర మాత్రం ఉంది. కొత్తగా పోశారు.

"ఆంటీ?" కుర్రాడు దగ్గరికి వచ్చేశాడు. మర్యాదస్తుడు, లాక్కోలేదు. నా చేతిలో ఉన్న గుండు వంకా నా వంకా చూశాడు. "ఆంటీ, మీరు ఇంతకుముందు ఆడేవారా?"

"లేదు బాబూ" అన్నాను. "పట్టుకునేదాన్ని."

గుండు అతని చేతిలో పెట్టాను. బరువు పోయిన సంగతి కూడా వేళ్ళకి కాస్త ఆలస్యంగా తెలిసింది.